ఇరవయ్యేడో ఫీడరు

తెర మీద కువైట్ మొత్తం
ఆకు వెనక ఈనెల్లాగా ఉంటుంది.
పచ్చగీత అంటే నిమ్మళం.
పసుపు అంటే కాస్త కనిపెట్టుకో.
ఎరుపయ్యేదాకా నా పేరు ఎవరికీ గుర్తుండదు.

రెండూ నలభై. బయట యాభై ఒక్క డిగ్రీలు.
దక్షిణాన ఒక యూనిటు
ఎవరికీ చెప్పకుండా పక్కకు తప్పుకుంది.
దాని బరువు పక్కదాని నెత్తికెక్కింది,
దాని బరువు ఆ పక్కదానికి.
పాడె మోసే నలుగురిలో ఒకడు
కాలు మడతపడి కూలబడితే ఏమవుతుందో
అదే, కాకపోతే రెప్పపాటులో.

కొత్తల్లో అనుకునేవాణ్ణి,
తగ్గితే పెంచడం, పెరిగితే దించడం,
పదికి పది, ఇరవైకి ఇరవై.
లెక్క అట్లా నడిచే చోట నేనెందుకు,
ఒక తాళంచెవి చాలు.
ఇది మూడు చోట్ల నెట్టినా కదలదు.
నాలుగోచోట వేలు తగిలితే
ఊరంతా వచ్చి మీద పడుతుంది.

మా తాత చిన్నపుల్లయ్య నీరుగంటి.
చెరువు కింద నూటెనభై ఎకరాలు,
చేతిలో ఒక పార.
ఎగువ మడవ తెగితే ఎగువకు పోయేవాడు కాదు.
దిగువన ఎక్కడో, ఏ తప్పూ లేని చేను గట్టు
తనే తెంచేవాడు.
ఆ చేని ఆసామి బూతులు తిడుతుంటే
తలగుడ్డ సర్దుకుంటూ నీళ్ళ వంకే చూసేవాడు.
"నీళ్ళకు మనం దారి చెప్పలేం రా,
దానికి పోబుద్ధయ్యే పక్కకు
కొంచెం వాలు చూపించాల, అంతే."

రమ్సీ సారు, ఈజిప్టాయన, నా కుర్చీ వెనక
తస్బీ పూసలు తిప్పడం ఆపేశాడు.
ఉత్తరాన ఇంకో యూనిటు పెంచమని ఫోన్లో ఎవరో అరుస్తున్నారు.
పెంచితే ఎర్రగీత తెగుతుంది.
నలభై తొమ్మిది పాయింట్ మూడు.
నలభై తొమ్మిది పాయింట్ రెండు.
ఐదువందల చుక్కల్లో నా చేతికందేవి ఆరు.
ఆ ఆరులో వాలున్నది ఒకటే,
తన పని తాను చేసుకుంటూ పచ్చగా ఉన్న
ఇరవయ్యేడో ఫీడరు.

జ్లీబ్, నాలుగో బ్లాకు.
మా బిల్డింగు.
రాత్రి డ్యూటీ దిగి ఓబులేసు పడుకుని ఉంటాడు
నా మంచం కింది మంచంలో, నోరు తెరుచుకుని.
పై అంతస్తులో నాగూర్‌బీ,
మేడమ్ ఇంట్లోంచి పారిపోయొచ్చి మూడోరోజు,
బెల్లు కొడితే గోడకు అతుక్కుపోయే మనిషి.
ఫ్రిజ్‌లో వెంకటసుబ్బయ్య ఇన్సులిన్.

నొక్కాను.

వెంటనే ఏమీ జరగలేదు, అది చెప్పాలి.
అంకె ఇంకొంచెం కిందికే జారింది.
రమ్సీ సారు ఊపిరి నా మెడకు తగిలింది.
ఆ తర్వాత, నేనింకేమీ చేయకుండానే,
బండి రాయెక్కి దిగినట్టు
అంతా ఒక్కసారి ఊగి
దానంతటదే తన గుంటలోకి దొర్లి కూర్చుంది.
నలభై తొమ్మిది పాయింట్ ఎనిమిది.
యాభై.
పదకొండు నిమిషాల చీకటి, ఒకే ఒక్క వీధికి.
రిపోర్టులో ఒక వరుస.

సాయంత్రం మెట్లెక్కుతుంటే ఉల్లిపాయలు వేగుతున్న వాసన.
"ఎవుడో నాబట్ట మధ్యాన్నం కరెంటు తీసినాడు"
లుంగీ పిండుతూ ఓబులేసు.
తర్వాత తనే చెప్పుకొచ్చాడు.
చెమటకు మెలకువొచ్చి అందరూ మెట్లమీదికి చేరారంట.
కింది బంగ్లాదేశీ టైలరు ఐసుగడ్డ పగలగొట్టిచ్చాడంట,
ఇన్సులిన్ అందులోకి పోయిందంట.
కొత్తగా వచ్చిన కుర్రోడికి కళ్ళు తిరిగితే
మూడ్రోజులుగా తీయని గొళ్ళెం తీసి
నాగూర్‌బీ ఉప్పేసిన నిమ్మకాయ నీళ్ళు తెచ్చిందంట.
ఎవరూ ఎవరికీ పురమాయించలేదంట.

నేనే, అందామని నోరు తెరిచాను.
"ఆయమ్మ గదిలో ఇంకా రాలేదన్నా,
నీకు కరెంటు తెలుసు గదా, పోయి చూడు."

టెస్టరు పళ్ళమధ్య పట్టుకుని స్టూలెక్కాను.
నాగూర్‌బీ సెల్లు లైటు ఎత్తి పట్టింది.
ఫ్యూజులో రాగిపోగు కాలి తెగి ఉంది.
"మళ్ళీ పోకుండా లావు తీగ వెయ్యన్నా"
అందామె.
"సన్నదే" అన్నాను.
"తెగాల్సినప్పుడు తెగాల."